దొంగ చేతికి తాళాలు

1975లో వచ్చిన గ్రేహాక్ అనే సన్నపాటి పుస్తకం దొంగకు బతుకుదెరువు చూపించింది. అంతకు ముందు ఏడాది గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మూడే వర్గాల మనుషులు ఉండేవారు: యోధుడు, మాంత్రికుడు, మతగురువు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు చిన్న ఊరు లేక్ జెనీవా నుంచి టీఎస్‌ఆర్ అనే సంస్థ అమ్మిన ఆ ఆటకు గ్రేహాక్ తొలి అనుబంధం. అందులో నాలుగోవాడిగా దొంగ దిగాడు. తాళం తీయడం, ఉచ్చు విప్పడం, చప్పుడు కాకుండా నడవడం, నీడలో దాక్కోవడం, జేబు కొట్టడం అతని విద్యలు. ఒక్కో విద్యకు నూటికి ఇంత అని ఒక అంకె. మొదటి లెవెల్ దొంగకు నీడలో దాక్కునే అవకాశం నూటికి పది. అదే వృత్తిగా బతికేవాడికే పది అయితే, పక్కన ఇనప కవచంతో నిలబడ్డ యోధుడికి ఎంత ఉండాలి? పుస్తకం చెప్పలేదు. చెప్పకపోవడంతోనే అసలు చిక్కు మొదలైంది.

ఈ ఆట ఎరగనివాళ్లకు రెండు మాటలు. నలుగురైదుగురు ఒక టేబుల్ చుట్టూ చేరతారు. ఒకరు డంజన్ మాస్టర్. ఆ లోకంలో వాన కురిపించేదీ, రాక్షసుల్ని నడిపేదీ, సత్రం యజమాని గొంతుతో మాట్లాడేదీ ఆ మనిషే. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. 'కిటికీలోంచి దూకుతాను' అని ఒకరంటారు. దూకగలరా లేదా అన్నది నియమాలూ పాచికలూ తేలుస్తాయి. గెలిచి లేచిపోయేవాడంటూ ఎవరూ ఉండరు. కథ వారాల తరబడి, కొన్ని ఇళ్లలో ఏళ్ల తరబడి సాగుతుంది. 'స్ట్రేంజర్ థింగ్స్' మొదటి ఎపిసోడ్‌లో బేస్‌మెంట్‌లో కూర్చుని పిల్లలు ఆడేది ఇదే.

దొంగ రాకముందు యోధుడి పాత్ర వేస్తున్న మనిషి 'బూట్లు విప్పి చేత పట్టుకుని, గోడ వారగా చీకట్లో నడుస్తాను' అంటే డంజన్ మాస్టర్ ఒక క్షణం ఆలోచించేవాడు. కాపలావాడు కునుకు తీస్తున్నాడా, నేల మీద ఎండుటాకులు ఉన్నాయా అని చూసుకుని సరేననేవాడు, లేదా ఒక పాచిక వేయించేవాడు. దొంగ వచ్చాక జవాబు మారిపోయింది: 'అది దొంగ పని. నీకు ఆ విద్య లేదు.' నిషేధం ఎవరూ రాయలేదు. ఒకడికి ఫలానాది వచ్చు అని రాశారు, అంతే. దొంగ శాతాలు అందరికీ ఉన్న అవకాశానికి అదనమే తప్ప బదులు కాదని వాదించే పాత ఆటగాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల వాదనలో పస ఉంది కూడా. అయినా చాలా టేబుళ్ల దగ్గర జరిగింది మాత్రం మొదటిదే. అందరిదిగా ఉన్న చీకటి ఒకడి పట్టా భూమి అయిపోయింది.

అనుబంధ పుస్తకాల గురించి ఆటగాళ్లు యాభై ఏళ్లుగా చేస్తున్న ఫిర్యాదు వేరు. కొత్త పుస్తకంలో వచ్చేవన్నీ పాతవాటికన్నా బలంగా ఉంటాయనీ, అది కొన్నవాడు కొననివాడిని మించిపోతాడనీ, బ్యాలెన్స్ చెడుతుందనీ అంటారు. పవర్ క్రీప్ అని దానికో పేరు. ఆ ఫిర్యాదు అబద్ధం కాదు. కానీ దొంగ విషయంలో చెడింది బలాబలాల లెక్క కాదు. నిజానికి ఆ దొంగ పాపం బలహీనుడే. మరి ఏం చెడింది? పక్కవాడు చేయగలడని అప్పటిదాకా అనుకున్నది ఇక చేయలేడని తేలింది. బ్యాలెన్స్ అంటూ మనం తూచేది పాత్రల బలాన్నా, లేక టేబుల్ దగ్గర మనిషికి మిగిలే చోటునా? ఈ రెండూ ఒకటేనని ఆట తయారుచేసేవాళ్లు చాలాకాలం నమ్మారు. నాకు ఆ నమ్మకం మీదే అనుమానం.

ఒక అంకె రాసి పెడితే దానికి ఏమవుతుందో 1976లో వచ్చిన నాలుగో అనుబంధం చూపించింది. దాని పేరు గాడ్స్, డెమీ-గాడ్స్ అండ్ హీరోస్. అప్పటికే కొన్ని టేబుళ్ల దగ్గర పాత్రలు నలభై లెవెళ్లు దాటిపోతున్నాయి, మాయాయుధాలు బస్తాలకొద్దీ పోగుపడుతున్నాయి. దేవుళ్లకే ఇంతే బలం ఉంటే మీ పాత్రకు అంత ఎక్కడిదయ్యా అని సిగ్గుపడేలా చేయాలన్నది ఆ పుస్తకపు ఉద్దేశం. సంపాదకుడు టిమ్ కాస్క్ ముందుమాటలోనే ఆ మాట దాచుకోకుండా రాశాడు. అందుకోసం గ్రీకు, ఈజిప్టు, నార్స్ దేవతలకు హిట్ పాయింట్లు కట్టారు. హిట్ పాయింట్లంటే ఎన్ని దెబ్బలకు ప్రాణం పోతుందో చెప్పే అంకె. మన దేవతల్నీ వదల్లేదు. 1980లో వచ్చిన డైటీస్ అండ్ డెమీగాడ్స్‌లో ఇంద్రుడు, అగ్ని, యముడు, కాళి తమ తమ అంకెలతో కొలువుతీరి ఉంటారు. యముడికి ఇన్ని దెబ్బలు అని చదివినప్పుడు మన తరహా పాఠకుడికి నవ్వొస్తుంది. కోపం తెచ్చుకునేవాళ్లూ ఉంటారు, అది వేరే చర్చ. ఆటగాళ్లకు మాత్రం ఆ పట్టికలో సిగ్గు కనపడలేదు, గురి కనపడింది. అంకె ఉందంటే దాన్ని సున్నాకు తేవచ్చు. హద్దు గీద్దామని వేసిన అంకె నిచ్చెనలో పై మెట్టు అయింది.

దీన్ని అత్యాశ అని తీసిపారేయడం సులువు. నాకు అలా అనబుద్ధి కాదు. నువ్వు ఇంతవాడివి అని అంకెల్లో చెప్పించుకున్న మనిషి, పక్క అంకె వైపు చూడకుండా ఉండగలడా? మార్కుల జాబితా అంటించిన గోడ ముందు నిలబడ్డ ఏ పిల్లవాడైనా తన పేరు ఒక్కటే చదివి వెనక్కి తిరుగుతాడా?

1985 నాటికి టీఎస్‌ఆర్ డబ్బుకు కటకటలాడుతోంది. గైగాక్స్ డ్రాగన్ పత్రికలో రాసినవి చాలావరకు పోగుచేసి అన్‌ఎర్త్‌డ్ ఆర్కేనా అనే పుస్తకంగా తెచ్చారు. అమ్మకానికి అవసరమైన పుస్తకం, అందులో అనుమానం లేదు. ఆ సంవత్సరం చివరికి గైగాక్స్ తన సంస్థ మీదే పట్టు కోల్పోయాడు. ఆ పుస్తకంలోని బార్బేరియన్ నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేస్తాడు. ఆటవిక యోధుడు, మహా బలశాలి. ఆ బలానికి విరుగుడుగా గైగాక్స్ ఏం పెట్టాడంటే, అతనికి మంత్రమంటే గిట్టదు. తొలి లెవెళ్లలో మాంత్రికులతో కలిసి తిరగడు. మాయావస్తువు కనపడితే పగలగొడతాడు, పగలగొడితే అతనికి అనుభవం పాయింట్లు కూడా వస్తాయి. కాగితం మీద తక్కెడ సరిపోయింది. ఇటు బలం, అటు బలహీనత. కానీ ఆ బలహీనత ఎవరి నెత్తిన పడుతోంది? పక్కన కూర్చుని మాంత్రికుడి పాత్ర వేస్తున్న మనిషి నెత్తిన. కష్టపడి సంపాదించిన మంత్రదండాన్ని స్నేహితుడి పాత్ర విరగ్గొట్టి, 'ఏం చేయను, నా వర్గ స్వభావం' అంటుంటే చూస్తూ కూర్చోవాల్సింది అతనే. ఒకడి బలానికి ధర మరొకడు కడుతున్నాడు. లెక్క చూసేవాడికి మాత్రం చిట్టా సమంగానే కనపడుతుంది.

ఆ తర్వాత దశాబ్దంలో పుస్తకాలు వరదలా వచ్చాయి. కారణం తెలిసిందే. కథా పుస్తకం డంజన్ మాస్టర్ ఒక్కడే కొంటాడు, పాత్రలకు కొత్త శక్తులిచ్చే పుస్తకం టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లందరూ కొంటారు. యోధులకొకటి, దొంగలకొకటి, మరుగుజ్జులకొకటి. ఎల్ఫ్‌ల మీద వచ్చిన పుస్తకం మరీ శ్రుతి మించిందని ఎంత పేరు పడిందంటే, చాలా ఏళ్ల తర్వాత దాని రచయిత కాలిన్ మెక్‌కోంబ్ సగం సరదాగా ఒక వీడియోలో క్షమాపణ చెప్పుకున్నాడు.

అయితే పాపమంతా అనుబంధాల మీద నెట్టేసేవాళ్లకు 2000 తర్వాతి చరిత్ర ఇబ్బందికరంగా ఉంటుంది. టీఎస్‌ఆర్‌ను కొనుక్కున్న విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ ఆ ఏడాది మూడో ఎడిషన్ తెచ్చింది. కొన్నేళ్లు ఆడాక అనుభవజ్ఞులకు తేలిందేమిటంటే, అందరికన్నా బలమైన విజర్డ్ (మాంత్రికుడు), క్లెరిక్ (మతగురువు), ప్రకృతిని కొలిచే డ్రూయిడ్ ముగ్గురూ మూల గ్రంథంలోనే ఉన్నారు. డ్రూయిడ్ వెంట నడిచే జంతువే యోధుడికి సాటి అని ఎకసెక్కాలాడేవారు. యోధులకు కాస్త ఊపిరి పోసింది 2006లో వచ్చిన టోమ్ ఆఫ్ బ్యాటిల్ అనే అనుబంధం. 'మా దగ్గర మూల గ్రంథం ఒక్కటే, అనుబంధాలు రానివ్వం, అందుకే సమానంగా ఉంటుంది' అని గర్వంగా చెప్పే టేబుల్ నిజానికి ఎక్కువ వంకరగా ఉన్న టేబుల్ కావచ్చు. ముందుగా వచ్చినదాన్ని సహజమని, వెనక వచ్చినదాన్ని చొరబాటని అనుకోవడం మనకు ఆటల్లోనే ఉన్న అలవాటేమీ కాదు.

ఆ మూల గ్రంథంలోనే టఫ్‌నెస్ అని ఒక ఫీట్ ఉంది. ఫీట్ అంటే పాత్ర కోసం ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం. ఫీట్లు అరుదుగా దక్కుతాయి. ఒకటి ఎంచుకుంటే మరొకటి వదులుకున్నట్టే. టఫ్‌నెస్ ఇచ్చేది మూడంటే మూడు హిట్ పాయింట్లు. పేరు చూసి ముచ్చటపడి తీసుకున్న కొత్తవాడు పది లెవెళ్లు దాటాక మోసపోయానని గ్రహిస్తాడు. ఆ ఎడిషన్ రూపకర్తల్లో ఒకరైన మోంటే కుక్ తర్వాత ఒక వ్యాసంలో, కొన్ని ఎంపికల్ని మిగతావాటికన్నా మెరుగ్గా కావాలనే పెట్టామనీ, ఆటను లోతుగా నేర్చినవాడికి అది బహుమతి అవుతుందని అనుకున్నామనీ రాశాడు. ఏది ఎప్పుడు పనికొస్తుందో పాఠకుడికి చెప్పి ఉండాల్సిందేమోనని కూడా ఒప్పుకున్నాడు.

ఇక్కడ న్యాయం గురించిన పాత ప్రశ్న కొత్త వేషంలో వస్తుంది. 1971లో తత్వవేత్త జాన్ రాల్స్ ఒక ఊహ చేశాడు: సమాజంలో మన కుర్చీ ఏదో తెలియకుండానే అందరం కలిసి నియమాలు రాసుకుంటే, అట్టడుగు కుర్చీని కూడా భరించదగినదిగానే ఉంచుతాం. ఈ ఆటలో వరస తిరగబడింది. నియమాలు ముందే అచ్చయి ఉన్నాయి, కుర్చీని ఎవరికి వాళ్లు ఎంచుకుంటారు. అందుకే బలహీన పాత్రధారి గొణిగితే 'నువ్వే ఎంచుకున్నావు కదా' అంటారు. ఎంచుకోవడమంటే ఏమిటి? కుర్చీ కాలు విరిగి ఉందని తెలియకుండా కూర్చోవడమా? బాగా చదివి, లెక్కలు కట్టి, చర్చలు వెతికి వచ్చినవాడి ఎంపికా, శుక్రవారం ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి పేరు బాగుందని తీసుకున్నవాడి ఎంపికా ఒకే రకమైన ఎంపికలా? తెలివికి బహుమతి ఇవ్వడం తప్పు కాకపోవచ్చు. కానీ తీరిక ఉన్నవాడికే ఆ తెలివి అబ్బుతుంది కదా.

లెక్కల తెలివి దాని చివరిదాకా వెళితే ఏమవుతుందో చెప్పడానికి పున్-పున్ అనే పాత్ర చాలు. 2004లో వచ్చిన సర్పెంట్ కింగ్‌డమ్స్ అనే అనుబంధంలో సర్రుఖ్ అనే సర్పజాతికి, తమ కింది పాకే జాతుల శరీరాల్ని మార్చే, వాటికి కొత్త శక్తులిచ్చే సామర్థ్యం రాశారు. దాన్ని ఎలాగోలా కోబాల్డ్ అనే అల్పప్రాణి చేతికి చిక్కించి, మరికొన్ని పుస్తకాల వాక్యాలతో ముడిపెట్టి, అంతులేని బలం ఉన్న పాత్రను ఆటగాళ్లు కాగితం మీద నిర్మించారు. హిరణ్యకశిపుడు వరం కోరిన పద్ధతి ఇదే: ప్రతి వాక్యాన్నీ నలువైపులా మూసుకుంటూ రావడం. తేడా ఏమిటంటే పున్-పున్‌ను ఎవరూ ఆడలేదు, ఆడటానికి కట్టనూ లేదు. అది ఒక వేళాకోళం, ఒక నిరూపణ. ఆడితే ఏముంటుంది? తలుపు తట్టకముందే తెరుచుకుంటుంది, డ్రాగన్ కన్ను తెరవకముందే చస్తుంది. అక్కర్లేని అడ్డంకుల్ని మనంతట మనమే నెత్తికెత్తుకుని దాటే ప్రయత్నమే ఆట అని తత్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 1978లో చెప్పాడు. ఆ మాట నిజమైతే, బలం కొనుక్కున్నకొద్దీ ఆట తరిగిపోతుంది. అయినా పుస్తకాల దుకాణంలో మన చెయ్యి బలం వైపే పోతుంది. దీన్ని మూర్ఖత్వమనలేను. పాత్ర పైకి ఎదగాలన్న కోరిక, ఎదిగాక ఏం మిగులుతుందన్న భయం ఒకే మనిషిలో పక్కపక్కనే కాపురం ఉంటాయి.

2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ ఈ అసమానత జబ్బును నిజాయితీగా నయం చేయబోయింది. యోధుడైనా మాంత్రికుడైనా అందరికీ ఒకే చట్రం: ఎన్నిసార్లయినా వాడుకునే శక్తులు కొన్ని, పోరాటానికొకసారి వాడేవి కొన్ని, రోజుకొకసారి వాడేవి కొన్ని. ఎవరూ ఎవరికీ తీసిపోరు. అంకెలు ఎక్కడో కాస్త జారాయని గ్రహించి, మరుసటి ఏడాది రెండో ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో వాటిని పూడ్చే ఫీట్లు పెట్టారు. ఎలాగూ అందరూ తీసుకోక తప్పదు కనుక ఆటగాళ్లు ఆ ఫీట్లను పన్ను అన్నారు. యాభై ఏళ్లలో ఇంత సమానంగా ఈ ఆట ఎప్పుడూ లేదని నా అభిప్రాయం. దానికి దక్కాల్సినంత గౌరవం దక్కలేదు కూడా. పెద్ద సంఖ్యలో జనం అది నచ్చక, పాత నియమాల మీద నిర్మించిన పాత్‌ఫైండర్ వైపు వెళ్లిపోయారు. కత్తి దూయడం, మంత్రం వేయడం రెండూ చేతికి ఒకేలా తగులుతున్నాయని వాళ్ల గోల. సమానత్వం కోరినవాళ్లు సమానత్వం వచ్చాక పారిపోయారని వెక్కిరించవచ్చు. లేదా, వాళ్లు కోరింది అసలు సమానత్వమేనా అని మళ్లీ అడగవచ్చు.

ఈ రెండో ప్రశ్నకు 1987లోనే ఒక విచిత్రమైన జవాబు ఉంది. జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్-హేగన్ చేసిన ఆర్స్ మేజికా ఆటలో అసమానతను దాచే ప్రయత్నమే లేదు. మధ్యయుగ యూరప్‌లో మాంత్రికులు, వాళ్లకు తోడుండే సహచరులు, కాపలా కాసి బరువులు మోసే గ్రోగ్‌లు. మాంత్రికుడి ముందు మిగతావాళ్లు ఎందుకూ ఆనరు. కానీ ప్రతి ఆటగాడికీ ఒక మాంత్రికుడూ ఒక సహచరుడూ ఉంటారు, గ్రోగ్‌లు అందరి సొత్తు. ఈ వారం నా మాంత్రికుడు బయల్దేరితే నువ్వు అతని గుర్రం పట్టుకుంటావు, వచ్చే వారం నీ మాంత్రికుడికి నేను దివిటీ పడతాను. కథ చెప్పే పని కూడా చేతులు మారవచ్చు. పాలించడం, పాలింపబడటం వంతులవారీగా జరగాలని అరిస్టాటిల్ పౌరుల గురించి అన్నది ఇక్కడ బల్ల మీద ఆడి చూపించారు. విశేషమేమిటంటే, పదమూడేళ్ల తర్వాత టఫ్‌నెస్ ఉన్న ఆ మూడో ఎడిషన్‌కు ప్రధాన రూపకర్తల్లో ఈ ట్వీటే ఒకడు.

గ్రోగ్ పాత్ర ఎవరికీ అవమానంగా తోచదు. డంజన్ మాస్టర్ సంగతి ఇంకా చోద్యం. టేబుల్ దగ్గర అంతులేని బలం ఉన్నది ఆ ఒక్కడికే. కొండ కావాలంటే కొండ, సైన్యం కావాలంటే సైన్యం. అతనికీ మాకూ బ్యాలెన్స్ లేదని ఏ ఆటగాడూ గొడవ పెట్టుకోడు. ఎందుకని? ఆ బలం మిగతావాళ్లు ఆడుకోవడానికి ఖర్చవుతుంది కాబట్టి. పక్కవాడి బలం నన్ను నొప్పించేది అది ఎక్కువైనందుకు కాదు, నేను వచ్చినా రాకపోయినా ఈ రాత్రి కథ ఇలాగే నడిచేదని దాని వల్ల తెలిసిపోయినందుకు.

అలాగైతే లెక్కలెందుకు, అన్నీ డంజన్ మాస్టర్ చూసుకుంటాడు కదా అనేవాళ్లు ఉంటారు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదన్నమాట. నిజమే, మంచివాడైతే ముక్క అందరికీ అందుతుంది. మరి మనవాడు కాకపోతే? అతని కన్ను బాగా మాట్లాడేవాళ్ల మీదే ఆగిపోతుంటే? టేబుల్ దగ్గర నోరు విప్పడానికి మొహమాటపడే మనిషికి, కొత్తగా చేరిన అమ్మాయికి, భాష తడబడేవాడికి అచ్చులో ఉన్న ఆ చిన్న వాక్యమే ఆసరా. 'నాకు ఇది వచ్చని పుస్తకంలో ఉంది' అనగలగడం చిన్న హక్కేమీ కాదు. గ్రేహాక్ దొంగను తిట్టుకుంటూ వచ్చాను గానీ, బూట్లు విప్పి గోడ వారగా నడుస్తానని చక్కగా వర్ణించగల మాటకారి యోధుడి పక్కన, ఏం చెప్పాలో తోచక కూర్చున్న మనిషికి ఆ నూటికి పదే కదా దక్కిన చోటు. అంకె కంచె వేస్తుంది, అదే అంకె కాపు కూడా కాస్తుంది. ఒకటి వద్దంటే రెండోది పోతుంది. దీనికి నా దగ్గర విరుగుడు లేదు.

ఈ మధ్యకాలపు ఉదాహరణల్లో నన్ను ఎటూ తేల్చుకోనివ్వనిది రేంజర్, అడవుల్లో తిరిగే యోధుడు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో బీస్ట్ మాస్టర్ అనే రేంజర్ ఒక అడవి జంతువుతో జత కట్టవచ్చు. తోడేలో, చిరుతో, అడవి పందో, నియమాల్లో ఒక్కో జంతువు తీరు ఒక్కోటి. కానీ పోరాటంలో జంతువు చేత దాడి చేయించాలంటే రేంజర్ తన దాడిని వదులుకోవాలి. లెక్క గిట్టదు. ఎంతోమంది కొత్తవాళ్లు తోడేలు కావాలనే ఒకే ఒక్క కోరికతో ఆ పాత్ర తీసుకుని, పక్కవాళ్ల చేత 'తప్పు చేశావు' అనిపించుకున్నారు. తోడేలు కావాలనుకోవడం తప్పు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

2020లో టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ అనే అనుబంధం దాన్ని సరిచేసింది. ఇప్పుడు రేంజర్ తన దాడి తాను చేస్తూనే జంతువుకు ఆజ్ఞ ఇవ్వవచ్చు. జంతువు చచ్చిపోయినా గంట లోపల చిన్న మంత్రశక్తి ఖర్చుపెట్టి లేపుకోవచ్చు. అందుకు బదులుగా జంతువులు మూడే నమూనాలయ్యాయి: నేల మీదిది, నీటిలోది, గాలిలోది. తోడేలూ చిరుతా అడవి పందీ ఇప్పుడు ఒకే పట్టిక, ఒకే అంకెలు. ఏ పేరు పెట్టుకుంటావో, ఎలా ఉంటుందనుకుంటావో నీ ఇష్టం. బలహీనుడికి న్యాయం జరిగింది, అందుకు ఆ పుస్తకానికి దండం పెట్టాలి. తన వంతు వచ్చేసరికి ఇక ఎవరి ముఖమూ చిన్నబోదు. అయినా మునుపటి రేంజర్ తన తోడేలు చచ్చిపోతుందేమోనని వంతు వంతుకూ బెంగపడుతూ ఆడిన ఆటలో ఏదో ఉండేది. అది లెక్కలోని లోపం వల్ల పుట్టిందని తెలిసీ, దాన్ని లోపమని పిలవడానికి నాకు మనసొప్పదు. ఆ బెంగ ఆడే మనిషికి కావాలో వద్దో అడిగే గడి మాత్రం క్యారెక్టర్ షీట్‌లో ఎక్కడా లేదు.